నిద్రపోతే రానట్టే

“ఒక్క పిల్ల, ఒక్క సంతకం. ఆకాశం ఊడిపడదు కదమ్మా!”

“ఊడిపడదు సార్. అయితే మొన్న పంపించేసిన కుర్రాణ్ణి కూడా వెనక్కి పిలిపించండి. ఇద్దరికీ కలిపే పెడతాను.”

“వాడికీ ఈ పిల్లకీ పోలికా? వాడసలు క్లాసుకే వచ్చేవాడు కాదు.”

“ఈ పిల్ల వచ్చి నిద్రపోయేది. రూల్లో రెండూ ఒకటే.”

“ఆ రూలు రాసింది మీరే కదా తల్లీ!”

“అందుకే సార్, పెట్టనంటున్నాను.”

ప్రిన్సిపాల్ గది బయట వ్యాను తాళాలు తిప్పుకుంటూ ఇదంతా విన్నాను. లోపలున్న ఆ ‘తల్లి’ మా అక్క. పై దేశాల నుంచి వచ్చే పిల్లలకు ఇక్కడి భాష నేర్పే ప్రైవేటు కాలేజీలో టీచరు. చదువు మధ్యలో వదిలేసి బలాదూరుగా తిరుగుతున్న నన్ను ఆ కాలేజీ వ్యానుకు డ్రైవరుగా పెట్టించింది తనే. అమ్మ పోయాక పెంచిందీ తనే. చిన్నప్పుడు బిస్కెట్ విరిస్తే రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసి, పెద్దదాన్ని కొరికి సమానం చేసేది. ఆ కొరికింది తన నోట్లోకే వెళ్ళేదనుకోండి.

“ఫీజు కట్టు, పట్టా పట్టు” అని ఊరంతా నవ్వుకునే కాలేజీ అది. వచ్చినా రాకపోయినా అందరూ పాసే. అక్కా మొదట్లో అలాగే మార్కులు వేసింది. ఒకరోజు తను పాస్ చేసిన కుర్రాడొకడు మా గుమ్మంలో నిలబడ్డాడు. వృద్ధాశ్రమంలో ఉద్యోగం దొరికిందట. ఫోనులో డాక్టరు చెప్పింది అర్థంకాక ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయాడట. చేరిన రోజే పొమ్మన్నారు. వాడు తిట్టలేదు, ఏడవలేదు. “నాకు భాష వచ్చేసిందని మీరే కదా చెప్పారు టీచర్” అన్నాడు, అంతే. ఆ మాట ముల్లులా దిగబడిపోయింది అక్కలో.

అప్పట్నుంచి తను ఊరుకుంటే ఒట్టు. పరీక్షలు నిజంగా పెట్టమని మీటింగు మీటింగుకీ గొడవే. స్టాఫ్ రూములో ‘ఉలిపికట్టె’ అని పేరు పెట్టారు. చివరికి తనిఖీవాళ్ళొచ్చి అనుమతి తీసేస్తామని బెదిరించేసరికి, ఆ ఉలిపికట్టెనే కుర్చీ వేసి కూర్చోబెట్టి రూల్సు రాయమన్నారు. హాజరు చాలకపోతే పరీక్ష లేదు. క్లాసులో నిద్రపోతే రానట్టే.

వెనక బెంచీల్లో గుర్రుపెట్టే బద్ధకిష్టుల కోసం రాసిందది. పడింది మాత్రం దీవి పిల్ల మీద. ఎక్కడో సముద్రం మధ్య చిన్న దీవి నుంచి వచ్చింది కాబట్టి మేం పెట్టుకున్న పేరది. రాత్రంతా బేకరీలో పని చేస్తేగానీ గది అద్దె గడవదు దానికి. పొద్దున్నే మోచేతుల దాకా పిండితో, బేకరీ ముందే నా వ్యాను ఎక్కేది. నేను కాస్త ఆలస్యమైతే, “నిదానమే ప్రధానమంటే మరీ ఇంతనా అన్నయ్యా!” అని దెప్పేది. కూర్చోగానే కిటికీకి తల ఆనించి నిద్ర. క్లాసులోనూ అంతే. అయినా మెలకువగా ఉన్న ఆ కాసేపట్లోనే అది నేర్చుకున్నంత భాష ఇంకెవరికీ రాలేదు.

అక్క చూస్తూ కూర్చోలేదు. పగటి పని ఇవ్వమని బేకరీ ఆయన్ని బతిమాలింది. “రొట్టెలు రాత్రే కాలాలమ్మా. పగలు తినేవాళ్ళు కావాలి నాకు” అన్నాడాయన. ఆదివారాలు ఇంటికి పిలిచి పాఠం చెప్పింది. క్లాసులో తట్టి లేపి మొహం కడుక్కు రమ్మంది. లేని హాజరు ఉన్నట్టు సంతకం పెట్టడం మాత్రం తనవల్ల కాలేదు.

ఆ రోజు ప్రిన్సిపాల్ గదిలోంచి అక్క బయటికి రాగానే దీవి పిల్ల ఎదురొచ్చింది. పరీక్ష లేకపోతే వీసా ఉండదు, వీసా లేకపోతే ఇక్కడ ఉండనివ్వరు. అక్క చెయ్యి పట్టుకుంది.

“ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు. మీరే నేర్పారు కదా టీచర్.”

తలుపు సందులోంచి ప్రిన్సిపాల్ చూస్తున్నాడు. అంత జాలి ఉన్నవాడు తనే పెట్టచ్చు సంతకం. పెట్టలేదు. రేపు తనిఖీవాళ్ళు అడిగితే చూపించడానికి ఇంకొకరి పేరు కావాలాయనకి.

ఇంటికెళ్ళాక నేను నోరు మూసుకోలేదు.

“రాసిన చేత్తోనే కొట్టేయలేవా ఆ రూలు?”

“కొట్టేస్తే, మొన్న అదే రూలుకి వెళ్ళిపోయినవాడికి ఏం చెప్పనురా?”

“వాడి గొడవ ఎవడిక్కావాలక్కా?”

“అదే నేననేది. ఎవరికీ అక్కర్లేదు. వాడికి సామెతలు రావు, నవ్వించడం రాదు. అందుకని వాడికి రూలు, దీనికి మినహాయింపూనా?”

నేనైతే సంతకం పెట్టేసేవాణ్ణి, అంతే.

పిల్ల వెళ్ళే ముందురోజు అక్క పళ్ళెం ముందు కూర్చుని, ఏమీ ముట్టకుండానే లేచింది. వాకిట్లో వ్యాను కడుగుతుంటే వచ్చి నా పక్కన నిలబడింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

“రేపు విమానం దగ్గరికి దాన్ని నువ్వే దింపరా. నేనొస్తే దానికి నన్ను తిట్టుకునే వీలు కూడా ఉండదు. దారంతా తిట్టనీ. నువ్వు మాత్రం మా అక్క మంచిదేనని నా తరఫున ఒక్క ముక్క కూడా మాట్లాడకు.”