చెరిపేసిన సున్నపు గీత

సహోదరులారా, తాగనిదే నా చెయ్యి బంతిని పట్టని చీకటి రోజులవి! పావగడ చుట్టుపక్కల ఎక్కడ టెన్నిస్ బాల్ టోర్నమెంటు జరిగినా ఏదో ఒక జట్టు నన్ను పిలిపించుకునేది, ఆఖరి ఓవరు వేయడానికి మాత్రమే. అంతవరకూ నేను బౌండరీ దగ్గర నిలబడి, నీళ్ల సీసాలో కలిపి తెచ్చుకున్న బ్రాందీ తాగుతూ ఉండేవాణ్ణి.

తిరుమణిలో ఫైనల్. ఆఖరి బంతికి మంగళవాడ జట్టుకు నాలుగు పరుగులు కావాలి. వికెట్లు ఎగరగొట్టాను, మావాళ్లు నన్ను ఎత్తుకోబోయారు, అంతలో అంపైర్ నరసింహప్ప గారు చెయ్యి చాపి నో బాల్ అన్నారు. సున్నంతో గీసిన గీతను నా కాలు దాటిందని నాకు తెలుసు! అయినా అరుస్తూ ఆయన మీదికి వెళ్లి, ఆ గొడవలో మడమతో గీతను చెరిపేశాను.

"యాడ దాటిందప్పా? గీత చూపీ!" అన్నాను.

"ఏం మామా, కండ్లు మంగళవాడోళ్ల దగ్గర పెట్టొచ్చినావా?" అని మావాళ్లు ఎగతాళి చేశారు.

ఆయన మాట మార్చలేదు. మళ్లీ వేసిన బంతి ఫోరు పోయింది, ఓడిపోయాం. మంగళవాడకు అమ్ముడుపోయాడన్న పేరు పడి, ఆ తర్వాత ఆయనను ఏ ఊరూ అంపైరింగుకు పిలవలేదు.

నాకు తాగుడు ముదిరి, భుజం పాడై, ఆట పోయింది. సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే పనిలో చేరి అక్కడా తాగి పడిపోయాను. "ప్రభువా, నాకు చేతకావడం లేదు, నువ్వే పట్టుకో" అని ఏడ్చాను, ఆయన పట్టుకున్నాడు! ఆనాటి నుంచి చుక్క ముట్టలేదు, దేవునికే మహిమ!

అయితే పోయిన సంవత్సరం ఇక్కడే సాక్ష్యం చెబుతూ, ఒక అంపైర్ చేసిన మోసం వల్లే తాగుబోతునయ్యానని చెప్పాను. మీరందరూ హల్లెలూయా అన్నారు. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

పోయిన నెల ఆ అంపైర్ ఊరు నిడుగల్లుకు పోయాను. నరసింహప్ప గారు గొర్రెలకు ఆకు వేస్తున్నారు.

"మామా, ఆ పొద్దు నా కాలు దాటిండాది. గీత నేనే తుడిపేసినాను" అన్నాను.

ఆయన నవ్వారు. "ఇది చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా? నేను చూసినోణ్నే గదప్పా! తెలియంది ఊరోళ్లకు. పోయి వాళ్లకు చెప్పు."

తిరుమణిలో ఈ యేటి ఆటలు జరుగుతుంటే మైకు అడిగి తీసుకుని అందరి ముందూ చెప్పాను. కొందరు ఈలలు వేశారు, ఒకరు ఉమ్మేశారు. ఆ వారమే సెమీఫైనల్‌కు అంపైర్‌గా రమ్మని నరసింహప్ప గారికి కబురు వెళ్లింది!

ఈ రోజు మీకూ చెప్పేశాను, మనసు తేలికైంది. సహోదరులారా, దేవుని దగ్గర సగం నిజమే చెప్పుకుని బతుకుతున్నవారు ఉంటే, మిగతా సగం కూడా ఆయనకు అప్పగించండి. ఆయన దాన్ని ముందే చూసినవాడు, అయినా మనల్ని పిలుస్తున్నవాడు!