గంట ముందా, గుద్దు ముందా

సుత్తిగారు టీవీ పెట్టగానే కుర్చీని తెరకు జానెడు దూరంలోకి లాక్కుంటారు. ఈ అలవాటును చరిత్రకారులెవరూ పట్టించుకోకపోవడం శోచనీయం. సామ్రాజ్యాల సరిహద్దులు జరిగినప్పుడల్లా పుస్తకాలకు పుస్తకాలు నింపిన మహానుభావులు, ఈ కుర్చీ జరిగినప్పుడల్లా ఇంటిల్లిపాదికీ ఆయన వీపు తప్ప మరేమీ కనపడని దుస్థితిని ఒక్క వాక్యంలోనైనా నమోదు చేయలేదు. ఆయన గోల ఆయనది. చెవులు వినపడవు. తెర అడుగున వచ్చే అక్షరాల్లో ఒక్కటి జారిపోయినా కథ జారిపోతుంది.

ఆ చెవులు పుట్టుకతో పోయినవి కావు. ఆయన ఒకప్పుడు బాక్సర్. సుత్తి అన్న బిరుదు కుడిచేతి మూలంగా వచ్చింది. నోటి మూలంగా నిలబడిందని గిట్టనివాళ్ళంటారు. ఆఖరి పోటీలో ఎడంచేతివాటం ప్రత్యర్థి ఒకడు ఆయన చెవుల మీద ఎడాపెడా గుద్ది నెత్తురు కళ్ళజూశాడు. సుత్తిగారు తిరిగి ఇచ్చుకున్నది ఒకే ఒక్క గుద్దు. దానికి వాడి దవడ విరిగి, పళ్ళు వెళ్ళి రిఫరీ చొక్కా మీద పడ్డాయి. రౌండు ముగిసిన గంట మోగాక కొట్టాడని ఆ రిఫరీయే తేల్చాడు. గెలుపు పోయింది, బహిష్కరణ వచ్చింది. నాటి నుంచి సుత్తిగారు మాంసం కొట్టులో ఎముకలు నరుకుతూ, వచ్చిన ప్రతివాడికీ "గంట మోగలేదు" అని చెబుతూ బతుకుతున్నారు. కత్తి పట్టుకున్న మనిషితో వాదించాలని ఎవరికుంటుంది?

ఒక్కడికి ఉంది. వాడు ఇంట్లోనే ఉన్నాడు. తమ్ముడి దవడ విరగ్గొట్టినవాణ్ణి గొడుగుతో బాదడానికి ఆసుపత్రికి వచ్చిన అక్క, తృప్తిగా బాది, తగిలిన చోట మందు రాసి, కొన్నాళ్ళకు ఆయన్నే పెళ్ళాడింది. ఆ విధంగా ఎడంచేతివాడు బావమరిది పదవిని అలంకరించాడు. సుత్తిగారు పెదవుల కదలిక చూసి మాటలు పోల్చుకోగలరు. కానీ వంకరగా అతుక్కున్న ఆ దవడ ఏమంటుందో మాత్రం ఆయనకు ఈనాటికీ అంతుపట్టదు. కాబట్టి బావమరిది తిట్లన్నీ ఆవిడ నోటి మీదుగా, కొంత తరుగు పోయి, ఆయనకు చేరుతుంటాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం, పాత పోటీల కార్యక్రమంలో ఆ పోటీనే వేశారు. అక్షరాలతో రావడం అదే మొదలు.

"ఇవాళ తేలిపోతుంది" అన్నారు సుత్తిగారు కుర్చీ లాక్కుంటూ.

"తేలనీ. కాస్త పక్కకి జరగమనక్కా, నా దవడ నేనూ చూసుకోవాలిగా" అన్నాడు బావమరిది.

తెర మీద ఇద్దరు కుర్రాళ్ళు చంపుకోవడం ఒక్కటి తప్ప అన్నీ చేసుకుంటున్నారు. ఒకడి కనుబొమ చీలింది. ఇంకొకడి ముక్కు పక్కకు ఒరిగింది. ఎడమ చెయ్యి చెవి మీద పడింది, మళ్ళీ పడింది, నెత్తురు మెడ మీదికి దిగింది. కుర్ర సుత్తి తూలి, నిలదొక్కుకుని, కుడిచెయ్యి విసిరాడు. ముందు దవడ వెళ్ళింది, వెనకాలే మనిషి వెళ్ళాడు. అంతసేపూ తెర అడుగున వ్యాఖ్యాత ఉపన్యాసం నిండి ఉంది. అది తొలగాక ఒక మాట పడింది: [గంట].

సుత్తిగారు ఇల్లదిరేలా అరిచారు. "చూశారా! గుద్దు ముందు, గంట తరవాత! ఇన్నేళ్ళు నన్ను దొంగని చేశారు గదరా!"

మిగతా ఇద్దరూ గంట వినేశారు. గుద్దుకు ముందు, ఖంగుమని.

"అక్కా, విన్నావా లేదా? చెప్పు మీ ఆయనకి!"

"పొయ్యి మీద ఏదో పెట్టినట్టున్నాన్రా" అని ఆవిడ లేచింది.

తన మాట బావకు అందదు. అందేదేమిటా అని బావమరిది వెతికి, స్టూలు తీసుకుని ఆయన భుజం మీద ఒక్కటేశాడు. సుత్తిగారు వెనక్కి తిరిగి పొట్టలో ఒకటిచ్చారు. అద్దాల బీరువా పగిలింది. పెంకుల మీద దొర్లుతూ ఒకరి గొంతు ఒకరు పిసుక్కుంటున్న ఆ వృద్ధ వీరుల మీద ఆవిడ బకెట్టు నీళ్ళు గుమ్మరించి, ఖాళీ బకెట్టుతో చెరొకటి వేసింది. లేచేసరికి సుత్తిగారి కనుబొమ పాత చోటే చీలి ఉంది. బావమరిది పన్ను ఇంకోటి ఊడి చేతిలో ఉంది.

"నువ్వు చెప్పవే. ముందా, తరవాతా?" అని సుత్తిగారు భార్య ముఖంలోకి చూశారు.

"ఆ రాసినవాళ్ళనే అడుగుదాం పదండి" అంది ఆవిడ.

మర్నాడు టీవీ ఆఫీసులో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒక అమ్మాయి ముందు నిలబడ్డారు.

"నువ్వేనటమ్మా రాసింది? నా పరువు నిలబెట్టావు!"

విషయమంతా విని ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. "గంట ముందే మోగిందండీ. అప్పుడు వ్యాఖ్యాతగారు మాట్లాడుతున్నారు. రెండూ ఒకేసారి వేస్తే చదవడం కష్టమని, ఆయన మాటయ్యాక వేశాను. మేమెప్పుడూ అంతేనండీ. చప్పుడేగా అని..."

సుత్తిగారి పిడికిలి పక్కనున్న చెక్క గోడలోంచి అవతలి గదిలోకి వెళ్ళింది. అక్కడెవరో కెవ్వుమన్నారు.

"చప్పుడేగా అంటావేంటి! మీకెప్పుడు వినపడితే నాకూ అప్పుడే తెలియాలా వద్దా?" చెయ్యి వెనక్కి లాక్కుని, గుచ్చుకున్న పేళ్ళు పీక్కున్నారు. వేళ్ళ నుంచి నెత్తురు బొట్లు నేల మీద పడుతున్నాయి. "మార్చు."

"మారిస్తే తప్పు మీదేనని తెలిసిపోతుందండీ."

"నా సంగతి నేను చూసుకుంటా. నువ్వు గంట సంగతి చూడు."

మార్చారు. పోటీని మళ్ళీ వేసిన రోజు గుద్దుకు ముందే గంట పడింది. సుత్తిగారు చూసి, కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నారు. బావమరిది చూడలేదు. పళ్ళ డాక్టరు దగ్గర ఉన్నాడు.