సంప్రదించక్క

మా పునరావాస కేంద్రంలో ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మాకిచ్చిన ట్యాబులన్నిటికీ ఈ కేంద్రాన్ని నడిపే కంపెనీ వేసిన తాళం ఒకటుంటుంది. దేన్ని నొక్కినా "అనుమతి లేదు. మీ నిర్వాహకుడిని సంప్రదించండి" అని తెర మీద పడుతుంది. ఆ నిర్వాహకుడు ఈవిడే. మొదట్లో 'సంప్రదించాల్సిన అక్క' అనేవాళ్లం. అంత పొడుగు పిలవడానికి ఓపిక లేక 'సంప్రదించక్క' అయింది. అలా పిలిస్తే పలుకుతుంది కూడా.

ఒకప్పుడు ఆవిడ ఇక్కడే టెలిఫోన్ ఆపరేటరు. ఆ టెలిఫోన్ల బోర్డు పీకేశాక ట్యాబులొచ్చాయి. వాటి బాధ్యత మాకొద్దంటే మాకొద్దని అందరూ తప్పుకుంటే ఆవిడ నెత్తిన పెట్టారు. అవతలివాళ్లు చెప్పేది చివరిదాకా వినడం పాత ఉద్యోగంలో వచ్చిన అలవాటు. చేతులు వెనక్కి కట్టుకోవడం మాత్రం ఈ ఉద్యోగంలోనే నేర్చుకుంది. ఎవరి ట్యాబు మొరాయించినా పక్కన అలా నిలబడి, "చెప్పొద్దు, చేసి చూపించు" అంటుంది. తన వేలు పడితే మన వేలు ఎక్కడ తప్పుతోందో కనిపించదట. ఇంట్లో మిక్సీ ఆగిపోయినా ఇదే తంతు. "మీ అక్కతో కాపురమంటే రోజూ పరీక్షేనమ్మా" అని బావగారు మా దగ్గర వాపోతుంటారు.

నేను మాట పోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పే పనిలో ఉన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ఆవిడ నిదానం చూసి ఒంటికాలి మీద లేచానంటే కారణం మా దర్జీ పెదనాన్న.

చుట్టం కాదు, వయసును బట్టి పెదనాన్న అంటాను. పక్షవాతం వచ్చి ఆయన మాటలన్నీ పోయాయి, ఒక్క 'కాదు' మిగిలింది. నీళ్లు కావాలన్నా అదే, వద్దన్నా అదే. తల కూడా ఎటు ఊపాలనుకుని ఎటు ఊపుతారో ఆయన చేతిలో లేదు. భార్య వచ్చి "మనింటికి వెళ్దామా అండీ?" అని అడిగితే ఆవిడ కళ్లలోకి చూసి "కాదు" అనేవారు.

"పెద్దమ్మా, ఆయన అనే 'కాదు', కాదు కాదు" అని ఎన్నిసార్లు చెప్పానో.

"నమ్మాలనే ఉంది తల్లీ. కానీ అడిగినప్పుడల్లా మొహం మీదే అంటున్నారు కదా. ఆయనకి ఇష్టం లేని చోటికి లాక్కెళ్లి నేనేం బావుకుంటాను?" అంది. మరిది తన ఇంటికి తీసుకెళ్తానన్నాడు, సాయంత్రం కారు తెస్తాడు. ఆవిడ సరేనంది.

కాగితం మీద బొమ్మలు చూపిస్తే పెదనాన్న విసిరికొట్టారు. ఆయనకు కావలసింది బొమ్మ కాదు, మాట. నొక్కితే మాట్లాడే బొమ్మల యాప్ ఒకటుంది. అందులో మన ఫొటోలు పెట్టుకోవచ్చు, మనవాళ్ల గొంతు నింపుకోవచ్చు. కంపెనీ దానికి అనుమతి కూడా ఇచ్చింది. నా ట్యాబు మాత్రం ససేమిరా అంది.

"అక్కా, ఏదో ఒక దొంగదారి చూడు. లేదంటే నా సొంత ఫోన్లో వేసుకుంటా" అన్నాను.

"ఈ తాళం వెనకాల ఉన్నవి మీ పెదనాన్న జబ్బు వివరాలే. తాళం పగలగొడితే బయటపడేది ఆయన గుట్టే. ఏదీ, చేసి చూపించు."

పళ్లు నూరుకుంటూ చూపించాను. వైఫై ఉంది, ఖాళీ ఉంది, తేదీ సరిగ్గానే ఉంది. ఆవిడ హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది చివరిదాకా విని పెట్టేసింది.

"మీ గది ట్యాబులో ఆ యాప్ ఎప్పుడో దిగిపోయిందంటున్నారు."

"దిగిపోతే మరి నా చేతిలో ఉన్నదేంటి?"

"అదే నేనూ అడుగుతున్నా. ఆ మూల త్రాసు గుర్తేంటి?"

"ఏమో, కొన్నాళ్లుగా ఉంది. నేను దాని జోలికి పోను."

"కవరు తియ్యి."

నీలం కవరు తీస్తే గుప్పున నూనె వాసన. అంచులన్నీ జిడ్డు. వెనకనున్న నంబరు చూసి, "ఇది వంటింటిది" అంది.

అంటువ్యాధుల భయంతో మేం కవర్లన్నీ విప్పి, మందునీళ్లతో కడిగి ఆరబెడతాం. మాది నీలం, వంటింటిది ఎరుపు. ఈసారి తొడిగేటప్పుడు తారుమారయ్యాయి. కంపెనీకి ట్యాబు నంబరుతో తెలుసు, మాకు రంగుతో తెలుసు. పేషెంట్ల వివరాలు అన్నిట్లోనూ ఒకేలా వస్తాయి కనక ఎవరికీ అనుమానం రాలేదు.

సంప్రదించక్క పరుగెత్తడం అప్పుడే చూశాను. వంటింట్లో అడుగు పెట్టగానే వంటమాస్టారు ఎదురొచ్చారు.

"మంచి టైముకొచ్చావమ్మా. త్రాసు గుర్తున్న నా సరుకుల యాప్ మాయమైపోయి ఈ బొమ్మలొచ్చాయి. కొత్త పద్ధతేమో అనుకున్నా. చెయ్యి తగిలితే చాలు, 'నాకు ఆకలేస్తోంది' అని అరుస్తోంది. వంటింట్లో ఉండి ఆకలంటే నా పరువేం కావాలి?"

నవ్వడానికి కూడా తీరిక లేదు. ఆ ట్యాబు తీసుకుని పెదనాన్న గదికి పరుగెత్తాం. పెద్దమ్మ ఫోన్లో ఉన్న ఇంటి ఫొటో, కుట్టుమిషను ఫొటో ట్యాబులోకి ఎక్కించాం. పెద్దమ్మ గొంతు నింపాం. అంతలో మరిది కారు తాళాలతో గుమ్మంలోకి వచ్చేశాడు.

"ఇక నీ పనైపోయింది కదక్కా" అన్నాను.

"వాడాల్సిన మనిషి వాడాక అవుతుంది" అని చేతులు వెనక్కి కట్టుకుని మంచం పక్కన నిలబడింది.

పెద్దమ్మ అడిగింది. "ఎక్కడికి వెళ్దామండీ?"

పెదనాన్న ఎడమచెయ్యి లేచింది. వేలు మిషను బొమ్మ దగ్గరికి పోయింది, పక్కకి జారింది, గాల్లో ఆగిపోయింది. నేను ఆగలేక ఆయన వేలు పట్టుకోబోయాను.

"ముట్టుకోకు" అంది అక్క మెల్లగా. "నువ్వు నొక్కిస్తే అది నీ మాటవుతుంది. పెద్దమ్మ నమ్మదు."

నా చేతులు కూడా వెనక్కి పెట్టుకున్నాను. జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు.

వేలు ఇంటి మీద పడింది. "మనిల్లు" అంది ట్యాబు, పెద్దమ్మ గొంతుతో. "కాదు" అన్నారు పెదనాన్న, మళ్లీ నొక్కారు. మనిల్లు. కాదు. మనిల్లు. కాదు, కాదు అంటూ ఏడుస్తూ నొక్కుతూనే ఉన్నారు.

"అర్థమైందండీ, అర్థమైంది. పదండి" అని పెద్దమ్మ ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. మరిది తాళాలు జేబులో వేసుకుని, "వదినా, ఇద్దరినీ మీ ఇంటి దగ్గరే దింపుతాను" అన్నాడు.

నేను అక్క వైపు తిరిగాను. ఆవిడ చెంపలు తడిసిపోయాయి. తుడుచుకోవడానికైనా చేతులు ముందుకు తేలేదు.