వార్నిష్ కింద నల్లబడిన ఇత్తడి

మా బావ ఇత్తడిలో ఏమీ కలపలేదు. ఆ రోజు నలుగురిలో నేను చెప్పవలసిన మాట ఇదొక్కటే. చెప్పలేదు.

బావంటే మా అక్క భర్త. విశాఖ దగ్గర పద్మనాభంలో మట్టి అచ్చుల్లో ఇత్తడి పోత పోసి దీపపు సెమ్మెలు చేసేవాడు. డెబ్బైల చివర్లో సీతమ్మధారలో ఒక కొట్టాయన వాటిని అద్దాల బీరువాలో పెట్టి అమ్మేవాడు. సముద్రపు గాలికి మెరుపు నిలవడం లేదని ఆయన గొడవ. నేనప్పుడు విశాఖ హార్బరులో పడవలకు రంగులేసేవాణ్ణి.

"నాను రంగులేని వార్నిష్ పూసి పెడతాను బావా. ఏడాదైనా మెరుపు పోదు" అన్నాను.

"సూద్దాం నీ పనితనం" అని ఆరు సెమ్మెలు ఇచ్చాడు.

ఇంట్లో అమ్మ తోమినట్టే చింతపండుతో తోమాను. ఆ పులుపంతా పోయేలా కడిగి, ఎండలో ఆరబెట్టి, చెయ్యి తగలకుండా గుడ్డతో పట్టుకుని పూయాలి. పులుపో చెమటో మిగిలితే వార్నిష్ కింద నల్లబడుతుందని నాకు తెలియనిది కాదు. కానీ మ్యాట్నీకి టైమైపోతోంది. చెంబుడు నీళ్లు పోసి, లుంగీతో తుడిచి, వట్టి చేతులతో పట్టుకుని పూసేశాను.

నెల తిరక్కుండానే కొట్టు నుంచి కబురొచ్చింది. ఇద్దరం వెళ్లాం. బీరువాలోకి తొంగి చూశాను. సెమ్మెల నగిషీ సందుల్లో నల్లటి చారలు. కాడల మీద నా అయిదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి. బావ తువ్వాలుతో గట్టిగా రుద్దాడు. మరక వార్నిష్ కింద ఉంటే ఎలా పోతుంది?

"ఏటి కలిపీసేవోయ్ ఇత్తడిలో? రేకు డబ్బాలు కరిగించీసేవా?" అన్నాడు కొట్టాయన. బేరానికొచ్చినవాళ్లు నవ్వారు.

"నానేటీ కలపనేదు బాబూ" అని బావ నా వైపు తిరిగాడు. "సెప్పు బావా, నువ్వు సరిగ్గానే పూసినావు కదా?"

"సరిగ్గానే పూసినాను."

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నేనే బిత్తరపోయాను. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఆ తరవాత కొట్టాయన బావ సెమ్మె ఒక్కటీ తీసుకోలేదు. కల్తీ మాట ఊళ్లోనూ పాకి, కొన్నాళ్లకు కొలిమి ఆరిపోయింది. ఎనభైల్లో ఉక్కు కర్మాగారం కడుతుంటే అక్కడ కూలికి చేరాడు. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లి, చింతపండు సంగతంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

బావ తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా ఇత్తడి మంచిదేనా? నా సేతిలోనే ఏదో లోపముందనుకున్నాను, ఇన్నేళ్లూ."

ఊళ్లో వాళ్ల మాట సరే, తన చేతిని తనే నమ్మకుండా బతికాడని నాకు తట్టనే లేదు.

"మంచిదే బావా. తప్పు నాది. కొట్లో అబద్దమాడినాను. నన్ను సెమించు" అని కాళ్లు పట్టుకున్నాను.