కొత్తామెను నిలబెట్టొద్దు

నా చిన్నప్పుడు మా అమ్మ ఒకసారి నవ్వకూడని చోట నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

మాది ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుకునే ఇల్లు. ఆ ఏడాది నా తమ్ముడు జ్వరంతో పోయాడు. అప్పటి నుంచి అమ్మ గొర్రెలను అదిలించడానికి తప్ప నోరు తెరిచేది కాదు. మేము చర్చికి పోయేవాళ్ళం కాదు. అయినా మా ఊరి పాస్టరమ్మ దారిలో కనిపించినప్పుడల్లా, "బుధవారం మా ఆడోళ్ళం కూర్చుంటామమ్మా, ఊరికే వచ్చి కూర్చో" అని పిలిచేది. నాలుగైదు సార్లు పిలిచాక అమ్మ ఉతికిన చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. తమ్ముడు పోయాక ఆమె నలుగురిలోకి అడుగు పెట్టడం అదే మొదలు.

ఆ రోజు పాస్టరమ్మ ఎవరికో కాన్పయితే చూడబోయింది. ప్రార్థన కూటం నడిపిన ఆమె కాస్త చదువుకున్న మనిషి. కొత్తవాళ్ళు లేచి నిలబడి పేరు చెప్పాలంది. అమ్మ నిలబడింది, చెప్పింది. అక్కడితో వదిలినా బాగుండేది. వాళ్ళకొక అలవాటు ఉంది. బైబిలు చేతులు మారుతూ వస్తుంది, వంతు వచ్చినామె ఒక వచనం చదవాలి. అది అమ్మ చేతికి వచ్చి ఆగింది.

"చదవమ్మా, సిగ్గేంది?" అంది ఆ చదువుకున్నామె.

"నాకు రాదమ్మా."

"గొర్రెల కాడ బడి పెట్టలేదా ఏంది? పక్కకియ్యిమ్మే!"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడవాలి గనుక నవ్విందని ఎనిమిదేళ్ళ నాకే అర్థమైంది, ఆ పెద్దవాళ్ళకు కాలేదు. ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకోగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఇంక యాడికీ రానంది.

మరునాడు పొద్దున్నే పాస్టరమ్మ మా గొర్రెల దొడ్డికి వచ్చింది. ఏమీ అనుకోవద్దని నాలుగు తీపి మాటలు చెబుతుందనుకున్నాను. చెబితే రాయి విసురుదామని చేతిలో పట్టుకుని ఉన్నాను. అవేమీ చెప్పలేదు. దడి పక్కన నేల మీద చతికిలబడి, "ప్రభువు చెప్పిన తప్పిపోయిన గొర్రె కథ ఇన్నేళ్ళుగా చెప్తా ఉండానమ్మా. నేనేమో ఒక్క గొర్రెనన్నా మేపిందాన్ని కాదు. నిజంగా తప్పిపోతే ఎట్టా ఎతుకుతారు?" అని అడిగింది.

అమ్మ దొడ్డి ఊడ్చుకుంటూ పోయింది. పాస్టరమ్మ రెట్టించకుండా అక్కడే కూర్చుంది. తర్వాత అమ్మే మొదలుపెట్టింది.

"తప్పిపోయిన గొర్రె అరవదమ్మా. బెదిరి కంపలో నక్కి కూర్చుంటాది. అదే అరస్తాదిలే అని మనం ఇంటికాడ కూర్చుంటే నక్కల పాలు. మనమే పోవాల. దొరికినాక పదిమంది మీద పడకూడదు. పక్కన ఊరికే కూర్చుంటే దానికే దమ్మొస్తాది."

తమ్ముడు పోయాక అమ్మ అన్ని మాటలు కలిపి మాట్లాడడం నేను వినలేదు.

"బుధవారం వచ్చి ఇది మావోళ్ళకు చెప్పు."

"నేను రాను."

"అయితే వాళ్ళనే తోలుకొస్తా."

అన్నంత పనీ చేసింది. ఆ బుధవారం కూటం మా దొడ్డిలో జరిగింది. ఎవరూ బైబిలు తెరవలేదు, ఎవరూ ఎవరినీ నిలబెట్టలేదు. ఆ చదువుకున్నామె గొర్రె పెంటికల మధ్య చీర పైకెత్తి పట్టుకుని కూర్చుని, అమ్మ చెప్పేది నోరు మూసుకుని వింటుంటే నా కడుపు చల్లబడింది. అమ్మ బతికినన్నాళ్ళూ ఆ తర్వాత ఏ బుధవారమూ మానలేదు.

నేను అరవై దగ్గర పడ్డాక అక్షరాలు దిద్దాను. ఇప్పుడు నేనుంటున్న ఆత్మకూరులో మా స్త్రీల కూటంలో ప్రతి నెలా ఒకటే ఏడుపు, కొత్తవాళ్ళు రావడం లేదని. ఫ్లెక్సీ కట్టారు, మైకు కొన్నారు, వచ్చినామెకల్లా స్టీలు డబ్బా ఇస్తున్నారు. డబ్బా పట్టుకుపోయినామె మళ్ళీ రాదు. ఎందుకు రాలేదని ఒక్కరూ పోయి అడగరు. పోయిన వారం చేజర్ల నుంచి ఒకామె వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. మా సెక్రటరమ్మ మైకు పట్టుకుని ఆమె మీదికి పోయి, దేవుడు తనకేం మేలు చేశాడో లేచి సాక్ష్యం చెప్పమంది. ఆమె తల ఎత్తలేదు. నేను పోయి మైకు లాక్కున్నాను.

"ఆమె నిలబడదు. అంత ముచ్చటగా ఉంటే నువ్వే పోయి ఆమె గడపలో నిలబడు!"

మైకు ఆన్‌లోనే ఉంది. వీధి వీధంతా వినబడింది.

ముసల్దాని నోటికి భయపడే కొత్తవాళ్ళు రావడం లేదని ఇప్పుడు కమిటీలో మాట పెట్టారు. పెట్టుకోనీ. పాస్టరమ్మ నెమ్మది నాకు అబ్బలేదు. ఆమె గొంతు ఎత్తకుండా చేసిన పనిని నేను అరిచి చేస్తాను. కోపం తగ్గాలని ప్రార్థన చేసుకో అవ్వా అంటారు చిన్నవాళ్ళు. అన్నిటికీ చేసుకుంటాను గానీ దానికి మాత్రం చేసుకోను.

ఆ రోజు మైకు పక్కన పడేసి, చేజర్ల ఆమె ఆనుకున్న గోడ దగ్గరికే పోయి కూర్చున్నాను. ఆమెను ఏమీ అడగలేదు. కూటం అయిపోయేదాకా ఆమె కదల్లేదు. పోతూ పోతూ తన ఇల్లు ఏ వీధిలోనో తనే చెప్పింది. రేపు చేజర్ల బస్సెక్కుతున్నాను.