రెండు నీలాల మధ్య మూడు రోజులు

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు మేము బొల్లారంలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన మిషన్ బడిలో పంతులు. నాకు ఏడో నెల. వానల్లో సున్నం ఆరదని ఆయన చెబుతున్నా వినకుండా, పుట్టబోయే బిడ్డ కోసం లోపలి గదికి రంగు వేయించడానికి పూనుకున్నాను.

సున్నం వేసే ముసలాయన్ని అందరూ చాచా అనేవాళ్లు. సున్నంలో నీలం కలిపి గోడ మీద రెండు పట్టీలు గీశాడు. రెండోదాంట్లో ఒక చిటికెడు ఎక్కువ, అంతే. ఆరాక చెబుతానన్నాను. పొద్దున ఒకటి నచ్చింది, మధ్యాహ్నానికి రెండోది. మర్నాడు మళ్లీ రమ్మన్నాను. ఆ మర్నాడూ అంతే.

మూడోనాడు చాచా గడపలోనే నిలబడ్డాడు. జహీరాబాద్ దాటాక ఒక పల్లెలో కూతురూ అల్లుడూ ఉన్నారట. మిలటరీ వస్తుందని బజారంతా అనుకుంటున్నారు, వాళ్లను ఇక్కడికి తెచ్చుకోవాలి.

"ఒప్పుకున్న పని ఇడిశి పోలేనమ్మా. జెర జల్ది చెప్తే, గిది కాంగనే పోతా."

ముందు ఊరికి వెళ్లిరా చాచా, అని ఉండాల్సింది. అనలేదు. సాయంత్రం దాకా ఆలోచించి లేతదే వేయమన్నాను. ఇంకో రెండు రోజులు పనిచేసి గది పూర్తి చేశాడు. ఆ తెల్లారే రైళ్లు ఆగిపోయాయి.

దారులు తెరిచాక వెళ్లి, కూతుర్నీ ఇద్దరు పిల్లల్నీ తీసుకొచ్చాడు. అల్లుడు రాలేదు. మిలటరీ వెళ్లాక ఊళ్లో జరిగిన గొడవల్లో చంపేశారట. పలకరించడానికి వెళ్తే చాచా నాకు పీట వేసి, రంగు మంచిగా ఆరిందా అని అడిగాడు. తల ఊపాను.

పాప పుట్టాక ఆ కూతుర్నే పనికి పెట్టుకున్నాను. పెట్టుకుంటే నా మనసు కాస్త తేలికపడుతుందనుకున్నాను. ఆమె మా పాపను కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసేది. ఒకరోజు అలా పోస్తూనే, ఎవరి మీదా కోపం లేకుండా అంది:

"రైళ్లు బంద్ గాకముందే, మా అబ్బా రెండు దినాలు ముందుగాల వస్తే మేం అందరం ఈడనే ఉంటుంటిమి. ఏం పని పడ్డదో ఏమో, నాకు చెప్పడు."

నేను తువాలు తెస్తానని లోపలికి వెళ్లాను. చాలాసేపు బయటికి రాలేదు. ఆమె మా ఇంట్లో నాలుగేళ్లు పనిచేసింది. చాచా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.