ఇరవై ఒకటో రోజు

సూది రోజు సాయంత్రం ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుట తన కుట్టు దుకాణం ముందు నేనూ, మా బ్యాండు పాటగాడూ కనబడగానే, వాడి తల్లి మిషన్ ఆపి లేచి వచ్చి కొడుకు తుంటి మీద ఒక్కటి చరిచేది. వాడు "అమ్మా" అని మూలిగితే ఆమె ముఖం తేటపడేది. మూలగకపోతే ఆ ముఖం నా వైపు తిరిగేది.

చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం వాడి గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. మళ్లీ రాకుండా ఇరవై ఒక్క రోజులకోసారి తుంటికి పెన్సిలిన్ సూది వేయించుకోవాలి. వేయించుకున్నాక రెండు రోజులు కాలు ఈడ్చాల్సిందే. దవాఖాన చీటీని ఆమె నమ్మేది కాదు. "చీటీల ఎవడన్న గీకుతడు. తుంటి అబద్ధమాడది," అనేది. తల్లి వెంట రావడం వాడికి నామోషీ కనుక ఆ పని నాకు అప్పగించింది. మాది ఒకే వీధి, శేరిగూడలో ఒకే కాలేజీ, పైగా చూడటానికి నేను బుద్ధిమంతుణ్ని. ఆ చివరిది కళ్లజోడు పుట్టించిన పుకారు.

వాడు పంక్ పాడేవాడు. ఒకటిన్నర నిమిషం పాట, అందులో అరుపు ఎక్కువ, రాగం తక్కువ. గిటారు మీద వాడికి వచ్చిన కార్డులు, అంటే తీగల మీద వేళ్ల పట్లు, మూడు. నాలుగోది కావాలంటే ఇంట్లో రేషన్ కార్డే. డ్రమ్ములు నావి. అప్పటిదాకా తాళం అంటే నాకు తెలిసింది సైకిలుకు వేసేదే. బేస్ గిటారు వాయించే మూడోవాడు ఎప్పుడూ పెద్దగా మాట్లాడేవాడు కాదు, ఇక్కడా మాట్లాడడు.

మా సాధన మా మామ కోళ్ల షెడ్డులో. ఉన్న కోళ్లన్నీ లారీ ఎక్కాక, సున్నం కొట్టి, కొత్త పిల్లల్ని దింపేలోపు షెడ్డు పదిహేను రోజులు ఖాళీగా ఉండేది. ఆ బ్యాచ్ పోగానే మా బ్యాచ్ దిగేది. ఊరంతా భూముల రేట్ల మీద నిలబడి ఉన్న రోజులవి. షెడ్డు చుట్టూ మొన్నటిదాకా కందిచేలు ఉన్నచోట ప్లాట్లకు పాతిన రంగు హద్దురాళ్లు, రియల్ ఎస్టేట్ వెంచర్ల జెండాలు. వాడి పాటలన్నీ ఆ రాళ్లను తిట్టేవే. మామ ఒకరోజు తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

"ఇది పాటనారా, పంచాయితా?"

"రెండు, మామా," అన్నాడు వాడు రొప్పుతూ.

ఆ రొప్పే నా బెంగ. డ్రమ్ముల వెనక కూర్చున్నవాడికి పాటగాడి వీపే కనబడుతుంది. ఆ వీపు మరీ ఎగసిపడితే నా చేతులు వాటంతటవే నెమ్మదించేవి. వాడు వెనక్కి తిరిగి, "ఏందిర, దేవుని ఊరేగింపుకు కొడ్తున్నవా? జర ఉరికించు," అని కసిరేవాడు. భయపడుతూ పంక్ వాయించినవాణ్ని ప్రపంచంలో నేనొక్కణ్నే అయ్యుంటాను. సూది తేదీలన్నీ చిన్న డ్రమ్ము అడుగున మార్కర్‌తో రాసుకుని, ఒక్కొక్కటి అయ్యాక టిక్కు పెట్టుకునేవాణ్ని.

ఒకసారి ఇరవై ఒకటో రోజు మర్నాడే కాలేజీ వార్షికోత్సవం వచ్చిపడింది. చివరి పాటలో వాడు స్పీకర్ పెట్టె మీంచి దూకాలి. దూకకపోతే ఆ పాట పాడనట్టే.

"కుంటుకుంట ఎట్ల దూకుతర? ప్రోగ్రాం అయినంక ఏయించుకుంట."

"మరి అమ్మకేం చెప్పాలె?"

"నువ్వేం చెప్పకు. నేను మూలుగుత."

మూలిగాడు. చెయ్యి తగలడానికి అర క్షణం ముందే మూలిగాడు. తాళం తప్పడం నా పని కదా అనుకున్నాను. ఆమె గమనించలేదు. "మంచిగ ఏయించినవ్ బిడ్డా. ఇద్దరు తినిపోండి," అంది నాతో. అనుమానం రాకూడదని పప్పుచారు రెండోసారి వడ్డించుకున్నాను.

మర్నాడు వాడు దూకాడు. కాలేజీ అంతా ఈలలు వేసింది. సూది ఆ వారం నుంచి పరీక్షల తర్వాతకు, పరీక్షల తర్వాత నుంచి ఆదిభట్ల దగ్గర ఒక వెంచర్ ప్రారంభోత్సవం తర్వాతకు వాయిదా పడుతూ పోయింది. తేదీ వచ్చినప్పుడల్లా వాడు తల్లి ముందు మూలుగుతూనే ఉన్నాడు. సినిమా పాటలు పాడతామనుకుని ఆ వెంచర్ వాళ్లు మమ్మల్ని పిలిచారు. మేం రాళ్లను తిట్టే పాట ఎత్తుకోగానే మైకు తీసేసి తరిమారు. ప్లాట్ల మధ్య నవ్వుతూ పరిగెత్తాం. వాడు ఒక హద్దురాయి మీద కూలబడి వంగాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇంకా నవ్వుతున్నాడనుకున్నాను. ఊపిరి అందడం లేదు.

"అమ్మకు చెప్త," అన్నాను.

"చెప్తే బ్యాండు బంద్. నీ ఇష్టం."

చెప్పలేదు. తప్పిపోయిన మూడు తేదీలకూ టిక్కులు పెట్టాను. ఎవరూ చూడని డ్రమ్ము అడుగున కూడా అబద్ధం ఎందుకు రాశానో నాకిప్పటికీ తెలియదు.

వానాకాలంలో వాడికి జ్వరం వచ్చింది, మోకాళ్లు వాచాయి. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. సూదులు క్రమంగా వేయించారా అని డాక్టరు అడిగాడు.

"ఒక్కటి తప్పలేదు సారూ. నా చేతుల్తోని చూసిన," అంది వాళ్లమ్మ, అవునను అన్నట్టు నా వైపు తిరిగి.

పాటకు ముందు డ్రమ్మరు కర్రలు కొట్టి నాలుగు లెక్కపెడతాడు. నేను లోపల నాలుగు లెక్కపెట్టుకున్నాను.

"మూడు తప్పినయి సార్."

ఆమె తన అరచేతిని చూసుకుంది. "మరి నేను కొడ్తె మూల్గిండు గద," అంది, నాతో కాదు, ఆ చేతితో.

"మంచిగ మూల్గిన్నా, అమ్మా?" అన్నాడు వాడు మంచం మీంచి. ఎవరం నవ్వలేదు. వాడూ నవ్వలేదు.

కవాటం మార్చే ఆపరేషన్‌కు ఒక తేదీ ఇచ్చారు. ఆ రోజుదాకా వాడు ఆగలేదు. అప్పటికి వాడికి ఇరవై నిండి కొన్ని నెలలే. వాడి పాటల్లాగే బతుకూ పొట్టిదైందని ఎవరో అందంగా అన్నారు. వినలేక అక్కణ్నుంచి లేచి వచ్చేశాను.

చాన్నాళ్లు బస్టాండు దారి తప్పించుకుని, వెనక సందుల్లోంచి తిరిగాను. ఒక మధ్యాహ్నం ఆ సందులోనే ఆమె ఎదురైంది, చేతిలో గుండీలు కుట్టాల్సిన జాకెట్లు.

"మంచిగున్నవా?"

"మంచిగున్న, అమ్మా."

జాకెట్లు ఎడమ చేతికి మార్చుకుని నా తుంటి మీద ఒక్కటి చరిచింది. మూలిగితే ఆమెకు బాగుంటుందేమో, నాకు తెలియలేదు.

"నొచ్చిందా?"

"లేదు," అన్నాను.

"గట్ల చెప్పాలె," అని, జాకెట్లు మళ్లీ కుడిచేతిలోకి తీసుకుని దుకాణం వైపు నడిచింది.